కాంజోలి పక్కన రాసిన సున్నా

కాంజోలి
డిసెంబరు 9, 2006

జైనబా అక్కా,

మన ఊరికి అన్యాయం జరిగింది. చేసింది నువ్వు పనిచేసే సంస్థ. సలాములూ క్షేమ సమాచారాలూ ఉత్తరం చివర రాస్తాను. ముందు ఇది చదువు.

నిన్న పొద్దున మూడు లారీలు మన బడి ముందు నుంచి దుమ్ము రేపుకుంటూ పోయాయి. నిండా బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, దుప్పట్లు. పిల్లలు చప్పట్లు కొడుతూ వెంట పరిగెత్తారు. ఆగలేదు. పక్క ఊరు బురోంగ్‌లో ఆగాయి. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు బురోంగ్‌లో ఇరవై రెండు మంది. మన దగ్గర అరవై మూడు మంది! సైకిలేసుకుని వెంటపడి, జాబితా పట్టుకున్న మనిషిని నిలదీశాను. వాడు కాగితం నా మొహం ముందు పెట్టి వేలితో చూపించాడు. కాంజోలి అని ఉంది. పక్కన సున్నా.

సున్నా అక్కా! ఆగస్టులో సరిహద్దు అవతల కసామాన్స్ వైపు తుపాకులు మోగిన రోజు నుంచీ మన ఊళ్ళో తలుపు మూసిన ఇల్లు ఒక్కటి లేదు. మనింటికి సిబెట్ వచ్చింది. నువ్వు ఆమెని చూడలేదు. నాయనమ్మ చెల్లెలి మనవడి భార్య, మనకి వదిన వరస. మొగుడు పనికోసం జిగించోర్ పట్నం పోయి ఏడాదయింది, కబురు లేదు. చంటిదాన్ని వీపున కట్టుకుని, మిగిలిన ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని, మోకాలి లోతు వరిమడుల్లోంచి నడిచి వచ్చింది. అమ్మ ఒక్క ప్రశ్న అడగలేదు. "కాళ్ళు కడుక్కో, అన్నం చల్లారిపోతోంది" అంది. అంతే. ఆ రోజు నుంచి నేనూ అమ్మా తినే గిన్నె చుట్టూ ఆరుగురం. అమ్మ మాత్రం రోజూ "వండుతూనే తిన్నానులే" అని లేచిపోతోంది.

టీచరుగారు బదిలీ అయిపోతూ నాకు వదిలిపోయిన రేకు పెట్టెలో కరపత్రాలన్నీ ఇప్పటికి మూడుసార్లు చదివాను. వాటిలో ఉన్నది అక్షరాలా నిజం. దాత ముందు జాబితా రాస్తాడు. ఆ జాబితాలో పడి మనిషి మాయమైపోతాడు. ఇంతమంది బతికున్న మనుషుల్ని ఒక గుండ్రటి గీతలో పూడ్చిపెట్టారు మీవాళ్ళు!

అక్టోబరులో లెక్క రాసుకోవడానికి వచ్చినప్పుడు ఎవరేం చెప్పారో, వీళ్ళేం రాసుకున్నారో నాకు తెలీదు. మామయ్య ఊరిపెద్ద కాబట్టి ఆయన్నే అడిగి ఉంటారు. అదంతా అనవసరం. నువ్వు మీ పెద్దమేడమ్ గదిలోకి వెళ్ళి బల్ల గుద్ది అడుగు. నెలాఖరులోగా జవాబు కావాలి.

అమ్మ కులాసా. తన కాన్యెలెంగ్ ఆడవాళ్ళతో, అదే, బిడ్డల్ని పోగొట్టుకుని సిగ్గు వదిలేసి అందరినీ నవ్వించే ఆ గుంపుతో, మొన్న బురోంగ్‌లో నామకరణానికి వెళ్ళి, మగవాళ్ళ చొక్కా తిరగేసి తొడుక్కుని డాన్సు చేసి, ఇమామ్‌గారిని కూడా నవ్వించిందట. ఈ వయసులో ఇవేం పనులో.

సలాం.
యాంకుబా


సెరెకుండా
జనవరి 6

తమ్ముడు యాంకుబాకి,

నీ ఉత్తరం వ్యాను నడిపే బిరామ్ తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి పోతాడా, టీ అయ్యేదాకా కూర్చున్నాడు. "మీ జోలావాళ్ళకి పెట్టడమే తెలుసు, చెయ్యి చాపడం చేతకాదు. మా సెరేర్ల దగ్గరికి పంపండి, నేర్పుతాం" అన్నాడు. "ముందు నా గిన్నెలు కడిగి పో, బానిసా, తర్వాత నేర్పుదువు గాని" అన్నాను. సెరేర్ తెగవాడికి మన జోలాల్ని వెక్కిరించే హక్కూ, మనకి వాణ్ణి బానిసా అనే హక్కూ తాతలనాటివి, ఏం చేస్తాం. నవ్వుకుంటూ పోయాడు.

ఒరే పెంటా (ఆ పేరంటే నీకు ఒళ్ళుమంటని తెలుసు, అందుకే అంటున్నాను), నేను ఆ సంస్థలో ఏం పని చేస్తున్నానో నీకు గుర్తుందా? జిరాక్స్ మిషను దగ్గర నిలబడి కాగితం పెడతాను, కాగితం తీస్తాను. మధ్యలో టీ కాస్తాను. బల్ల గుద్దడానికి నాకో బల్ల లేదు.

అయినా అడిగాను. మేడమ్‌ని కాదు, మేడమ్ గుమాస్తాని. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "లెక్క అయిపోయింది. మళ్ళీ లెక్క ఎప్పుడో తెలీదు. ఈలోగా మార్చాలంటే ఆ ఊరిపెద్ద కాగితం రాసి పంపాలి, మా ఊళ్ళో ఇంతమంది శరణార్థులున్నారు అని. ఆ మాటే ఉండాలి. చుట్టాలనీ అతిథులనీ రాస్తే చెత్తబుట్టలోకి పోతుంది. మా బియ్యం శరణార్థులకే గాని చుట్టాలకి కాదు."

కాబట్టి దెంబో మామయ్యతో ఆ ఒక్క మాట రాయించి పంపు. నీ సామ్రాజ్యవాదం గురించి రెండో పేజీ అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆ రోజు లెక్కవాళ్ళతో ఎవరు మాట్లాడారో తెలీదన్నావు. మన ఊళ్ళో మేక ఈనితే అరగంటలో అందరికీ తెలుస్తుంది. కాస్త గుర్తు తెచ్చుకుని రాయి.

అమ్మ తింటోందా? "వండుతూనే తిన్నాను" అనే మాట నా చిన్నప్పుడు కూడా విన్నాను. అప్పుడూ అది నిజం కాదు.

మీ అక్క,
జైనబా


కాంజోలి
ఫిబ్రవరి 11

అక్కా,

మామయ్య రాయనన్నాడు.

నాలుగుసార్లు వెళ్ళాను. మూడుసార్లు మర్యాదకిచ్చే కోలా గింజ చేతిలో పెట్టి పంపించాడు. నాలుగోసారి నేను కదల్లేదు.

"మామయ్యా, ఒక్క మాట. శరణార్థులు అని రాసి సంతకం పెట్టు. అంతే" అన్నాను.

"శరణార్థి అంటే ఎవడ్రా?"

"ఇల్లు పోయినవాడు."

"సిబెట్ ఎవరింట్లో ఉంటోంది?"

"మా ఇంట్లో."

"మరి మీది ఇల్లు కాదా? గాడిదల కొట్టమా?"

అంతటితో ఆయన ఊరుకోలేదు. "మా నాన్న చిన్నప్పుడు ఇంగ్లీషువాడు పన్ను కోసం వస్తే మనవాళ్ళు రాత్రికి రాత్రి అటు పోయేవాళ్ళు. ఫ్రెంచివాడు సైన్యంలోకి పట్టుకుపోతుంటే అటువాళ్ళు ఇటు వచ్చేవాళ్ళు. అప్పుడెవడూ ఎవడికీ పేరు పెట్టలేదు. నా గిన్నెలో చెయ్యి పెట్టిన మనిషిని దిక్కులేనివాడని కాగితం మీద రాసి, దాని మీద నా వేలిముద్రా? నేను చచ్చాక నువ్వు ఊరిపెద్దవై రాసుకో."

చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. వాళ్ళ ఇళ్ళల్లో మధ్యాహ్నం పూట గంజి తాగుతున్నారు. గంజి తాగుతూ తలలూపుతున్నారు!

నేను కుర్రాళ్ళ సభ పెట్టాను. పదకొండు అంశాల తీర్మానం రాశాను. ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు టీ ఇస్తారనుకుని వచ్చారట. నాలుగో అంశం చదువుతుంటే ఒకడు లేచి, "యాంకుబా, ఇందులో బియ్యం ఎన్నో అంశంలో వస్తుంది?" అన్నాడు. తొమ్మిదో దాంట్లో అన్నాను. "అప్పుడు పిలువు" అని వెళ్ళిపోయాడు.

సిబెట్ వదిన సంగతి చెప్పాలి. ఆమె ఊరు మనకి రెండు గంటల నడక. ఇంటి వెనక నలభై జీడిమామిడి చెట్లున్నాయట, పెళ్ళయ్యాక తను నాటినవి. నీళ్ళు తోడుతున్నప్పుడల్లా దక్షిణం వైపు చూస్తుంది. "ఇప్పుడు పూత వచ్చి ఉంటుంది" అంటుంది. ఆ దారిలో, తోటల్లో మందుపాతరలు పెట్టారని అందరికీ తెలుసు. ఎవరు పెట్టారో అడగకు. అటువాళ్ళు ఇటువాళ్ళనీ, ఇటువాళ్ళు అటువాళ్ళనీ అంటారు. ఆ మందుపాతరలు మాత్రం నువ్వెటువాడివని ఎవరినీ అడగవు.

"ఏ కొమ్మ ఎటు వంగిందో, కాయ పడేదెక్కడో నాకు తెలుసు. నా తోటలో కళ్ళు మూసుకుని నడుస్తాను" అంది నిన్న.

"నీ తోటలో వాళ్ళేం పాతారో నీకు తెలీదు కదా వదినా" అన్నాను.

"మీ అమ్మ అటకలో ఏముందో నీకు తెలీనట్టే" అంది.

ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలీలేదు. ఆడవాళ్ళ అటక మీదికి మగవాడు ఎక్కకూడదు కదా.

మీ మేడమ్ ఏమంది? ఇంకా గుమాస్తా దగ్గరే ఆగిపోయావా?

యాంకుబా


సెరెకుండా
మార్చి 14

యాంకుబా,

ఈసారి వేళాకోళం లేదు.

నా దగ్గర ఒక కాగితం నకలు ఉంది. అక్టోబరు 17న కాంజోలిలో రాసిన లెక్క ఫారం. అందులో ఉన్నది ఇది:

ఊరిలో శరణార్థుల సంఖ్య: 0.
సమాచారం ఇచ్చినవారు: యాంకుబా కుజాబి. ఊరిపెద్ద సమక్షంలో.
వివరణ: "ఇక్కడ శరణార్థులు లేరు. ఈ సరిహద్దు ఇంగ్లీషువాడూ ఫ్రెంచివాడూ గీసిన గీత. మేమా గీతని గుర్తించం. ఇక్కడున్నది ఒకే ప్రజ."

కింద నీ సంతకం. ఆ వంకర తోకతో, నేను నేర్పిన సంతకం.

మా సంస్థ పూడ్చిపెట్టిందన్నావు. గుండ్రటి గీత అన్నావు. ఆ గీత గీయించింది నువ్వు. మామయ్య మీదికి తోసేశావు. మూడు నెలల నుంచి నా చేత గుమాస్తాల ముందు చేతులు కట్టిస్తున్నావు, నీ సంతకం కింద పెట్టుకుని!

ఈ కాగితం నేను ఇవాళ చూడలేదు. డిసెంబరులో నీ ఉత్తరం వచ్చిన వారానికే పాత ఫారాల కట్ట తీసి వెతికి చూశాను. నువ్వే చెబుతావని ఎదురుచూశాను. జనవరిలో అడిగాను. తెలీనట్టు నటించావు. తప్పు మాట్లాడినందుకు నాకు కోపం లేదు. నీ నోరు నాకు తెలుసు. దాచినందుకు కోపం.

ఇప్పుడు చెప్పు, ఆ ప్రజలో ఎవరు గంజి తాగుతున్నారు, ఎవరు వండుతూనే తింటున్నారు?

జైనబా


కాంజోలి
ఏప్రిల్ 22

అక్కా,

ఈ జవాబు ఆరుసార్లు రాసి చింపాను. మొదటి మూడింటిలో నేనే కరెక్టు అని నిరూపించాను. తర్వాతవి వాటికంటే అధ్వాన్నం. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

లెక్కవాళ్ళు ఇద్దరు వచ్చారు. బావి దగ్గర మామిడి కింద కుర్చీలు వేశాం. ఊరంతా అక్కడే ఉంది. ఆ లెక్కవాళ్ళలో ఒకడు వాచీ చూసుకుంటూ, "ఇక్కడ శరణార్థులెవరు? చేతులెత్తండి" అన్నాడు. పశువుల సంతలో అడిగినట్టు! సిబెట్ వదిన నీళ్ళు తోడుతోంది. చేతిలో తాడు అలాగే ఆగిపోయింది. అటునుంచి వచ్చిన ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. నాకు ఒళ్ళు భగ్గుమంది. మామయ్య "చదివినవాడివి, నువ్వు చెప్పు" అన్నాడు. చెప్పాను. నువ్వు రాసిన మాటలే.

చెప్పగానే ఊరు చప్పట్లు కొట్టింది. మామయ్య నా భుజం మీద చెయ్యేసి ఇంటిదాకా నడిచాడు. నా జన్మలో అంత ఎత్తుగా ఎప్పుడూ నిలబడలేదు. ఆ రోజు సిబెట్ వదిన నాకు ముందుగా నీళ్ళిచ్చింది. "నన్ను తల దించుకోనివ్వలేదు నువ్వు" అంది. ఆ మాటని ఇన్నాళ్ళూ జేబులో పెట్టుకుని తిరిగాను. లారీలు పోయిన రోజు సున్నా చూసి ఎక్కడిదో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నీకు రాస్తూ మామయ్య పేరు రాసేశాను. అది పిరికితనం. దానికి ఏ కరపత్రంలోనూ వేరే పేరు లేదు.

నేనన్నది ఇప్పటికీ నిజమే అక్కా. అదే నన్ను తినేస్తోంది. నిజం చెప్పాను, దానివల్ల మనుషులు పస్తులుంటున్నారు. ఇదెక్కడి న్యాయం? మేం తల ఎత్తుకుంటే బియ్యం లేదు, తల దించుకుంటే ఉంది. ఎవడు పెట్టాడీ రూలు!

సరే. మొన్న శుక్రవారం జరిగింది రాస్తాను. మామయ్య ఇంట్లో ఉంటున్న అంపా బాజీ, అటువైపు ముసలాయన, ఎవరికీ చెప్పకుండా తన జీడితోటకి పోయాడు. మందుపాతర పేలిన చప్పుడు విని పోయి, ఊరివాళ్ళం గాడిద బండి మీద తీసుకొచ్చాం. కుడికాలు చీలమండ దగ్గర్నుంచి లేదు. ఆస్పత్రి దాకా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది. "సగం బస్తా ఏరాను నాయనా, అక్కడే ఉండిపోయింది" అంటూనే ఉన్నాడు. నా కాలు పోయింది అనలేదు. బస్తా అక్కడే ఉండిపోయింది అన్నాడు. మామయ్య ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మా వదినా కీచులాడుకుంటున్నారు. వదిన వంట చేస్తుంటే పైన అటక మీద చీపురు చప్పుడు వినిపించిందట. గింజలున్న అటకని ఎవరూ ఊడవరు. వదిన నిచ్చెన ఎక్కింది. విత్తనాలకి కట్టి వేలాడదీసే వరికంకులు మూడే మూడు కట్టలు మిగిలి ఉన్నాయి.

"ఎప్పట్నుంచి మాకు విత్తనాలు వండి పెడుతున్నావు అత్తా?" అంది.

"నా అటక, నా ఇష్టం. నువ్వెవరు ఎక్కడానికి?" అంది అమ్మ.

"వానలు పడ్డాక మడిలో ఏం చల్లుతావు? నీ కొడుకు కరపత్రాలా?"

"నువ్వు నోరు మూసుకుని కలుపు, అడుగంటుతోంది."

వదిన కలిపింది. కానీ ఆ పూట తినలేదు. అమ్మా తినలేదు. ఇద్దరూ "వండుతూనే తిన్నాను" అన్నారు.

జీడికాయలు రాలడం మొదలైంది. వదిన వెళ్తుంది అక్కా. ఏ రోజన్నది తెలీదు గాని, వెళ్తుంది. పిల్లల్ని అమ్మకి అప్పజెప్పి వెళ్తుంది. నేను ఆపలేను. నా మాటలన్నీ అయిపోయాయి.

నువ్వు ఏదైనా చెయ్యగలవా? బల్ల గుద్దమనను. నీకు తోచినట్టు చెయ్యి.

యాంకుబా


సెరెకుండా
మే 13

నా తమ్ముడికి,

నీ ఉత్తరం బిరామ్ ఎదుటే చదివాను. ఇద్దరం టీ తాగలేదు.

నేను కూడా ఒకటి దాచాను. ఆఫీసులో నాది కాంజోలి అని ఎవరికీ తెలీదు. ఉద్యోగంలో చేరినప్పుడు సెరెకుండా అని రాయించాను. సొంత ఊరికి సరుకు మళ్ళిస్తారని అనుమానం వస్తే పనిలోంచి తీసేస్తారు. అందుకే గుమాస్తాని అడిగినప్పుడు కూడా "ఎవరో తెలిసినవాళ్ళు అడిగారు" అన్నాను. నువ్వు మామయ్య వెనక దాక్కున్నావు, నేను జిరాక్స్ మిషను వెనక. ఒక తల్లి పిల్లలమే.

అంపా బాజీ సంగతి చదివాక ఊరుకోలేకపోయాను. నీ ఫారం నకలు తీసి మేడమ్ బల్ల మీది కాగితాలకి పైన పెట్టాను. గుమాస్తా తీసి కింద పెట్టాడు. మర్నాడు మళ్ళీ పెట్టాను. తీశాడు. మూడో రోజు టీ పళ్ళెంలో, గ్లాసు కింద పెట్టి ఇచ్చాను. గ్లాసు ఎత్తి చదివింది. "ఇదేమిటి, ఇది లెక్క కాదు, ఉపన్యాసం" అంది. తర్వాత ఆ వివరణ మళ్ళీ మొదట్నుంచి చదివింది. "మరి నిజంగా ఎంతమంది ఉన్నారు?" అని గాల్లోకి అడిగింది. అరవై ముగ్గురు అన్నాను. నీకెలా తెలుసని అడగలేదు. అడిగితే బాగుండేది.

మేడమ్ ఈ నెల 23న, బుధవారం, బురోంగ్ పోతూ మన ఊళ్ళో ఆగుతుంది. ఉదయం తొమ్మిది నుంచి పది దాకా. ఒక్క గంట. ఎవరికి వాళ్ళు వచ్చి "నేను శరణార్థిని" అని చెప్పాలి, లేదా వాళ్ళకి ఇల్లిచ్చినవాళ్ళు చెప్పాలి. రాసుకుంటారు. ఈసారి కూడా "చుట్టాలు, అతిథులు" అంటే ఫైలు మూసేస్తారు. వచ్చే ఏడాదిదాకా తెరవరు. రూలు ఎవడు పెట్టాడని నన్నడగకు. నేనూ వాణ్ణి వెతుకుతున్నాను.

సిబెట్ వదినని ఆ రోజు దాకా ఆపు. ఎలా అన్నది నాకు తెలీదు.

ఇంకోటి. ఆ గంటసేపూ నువ్వు మాట్లాడకు.

జైనబా


కాంజోలి
మే 20, ఆదివారం

అక్కా,

బిరామ్ వ్యాను హారన్ కొడుతున్నాడు. అయినా మొత్తం రాస్తాను, వాడు ఆగుతాడు. అమ్మ వాడికి మన తోటలో జీడిపండ్ల బుట్ట ఇచ్చి "తిను బానిసా, ఎప్పుడైనా పండు చూశావా" అంటోంది. "మీ రాజులిచ్చేది ఇంతేనా" అని వాడు తింటున్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజే బావి దగ్గర నిలబడి ఊరికి చెప్పాను. ఆ సున్నా నాది. నేనే చెప్పాను, నేనే సంతకం పెట్టాను, అక్క దగ్గర మామయ్య మీదికి తోశాను. చప్పట్లు కొట్టినవాళ్ళే అక్కడ నిలబడి విన్నారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. అంపా బాజీ చంకలో కర్రలతో అరుగు మీద కూర్చుని, "బాగా చెప్పావు ఆ రోజు, నేను కూడా చప్పట్లు కొట్టాను" అన్నాడు.

బుధవారం సంగతి చెప్పాను. మామయ్య లేచి ఇంట్లోకి పోయాడు. అటునుంచి వచ్చినవాళ్ళు ఇంటి యజమానుల మొహాలు చూశారు. ఇంటివాడు ఒప్పుకోని పేరు తమకి తాము పెట్టుకుంటే, పెట్టిన అన్నాన్ని కాలదన్నినట్టే కదా. వాళ్ళు అనరు. వీళ్ళు అననివ్వరు. మర్యాద కోసం రెండు వైపులా చచ్చేట్టున్నారు. వదిన ఇంటికొచ్చి గుడ్డ పరిచి మూట కట్టుకుంది. కత్తి, ఖాళీ బస్తాలు, నీళ్ళ సీసా. "గురువారం పొద్దున పోతాను" అంది. అమ్మ మూట వంక చూసి బయటికి పోయింది.

నిన్న మధ్యాహ్నం నమాజ్ తర్వాత మామయ్య వాకిట్లో డప్పులు మోగాయి. అమ్మా, ఆమె కాన్యెలెంగ్ గుంపూ, పద్దెనిమిది మంది. తిరగేసిన చొక్కాలు, మెడలో ఎండుచేపల దండలు, నెత్తిన సొరబుర్రలు. అమ్మ అందరికంటే ముందు, మోకాళ్ళ మీద పాకుతూ.

"ఊరిపెద్ద గారూ, ధర్మం! మా అటకల్లో ఎలకలు కూడా వలసపోయాయి బాబూ! జోలా ఎలకలు, అడుక్కోవడం తెలీక పోయాయి!"

జనం నవ్వడం మొదలెట్టారు. మామయ్య నవ్వలేదు. "లే. నా చెల్లెలివి నువ్వు. పరువు తియ్యకు" అన్నాడు.

అమ్మ అక్కడే మట్టిలో కూర్చుంది.

"పరువా? అది నా దగ్గరెక్కడుందన్నా? జైనబా తర్వాత ఇద్దర్ని ఈ చేతులతో మట్టిలో పెట్టాను. ఆ రోజే దాన్ని కూడా పూడ్చేశాను. మూడోవాడు పుడితే ఏం చేశానో నీకు గుర్తులేదా? ఊరందరూ చూస్తుండగా చెత్తకుప్ప మీద పడుకోబెట్టాను. పెంటా అని పిలిచాను. గుమ్మం గుమ్మానికీ తిరిగి ఈ పెంటకి ఒక ముద్ద పెట్టండని అడుక్కున్నాను. పదేళ్ళు! చావు వచ్చి వింది, పెంటే కదా అనుకుని పక్కింటికి పోయింది. ఇదుగో, నిలబడ్డాడు. ఇటు చూడు. పెంట అయ్యాడా వీడు?"

"తిక్కలోడయ్యాడు" అన్నాడు మామయ్య.

వాకిలంతా పగలబడి నవ్వింది. నేను భూమిలోకి కుంగిపోయాను. అమ్మ మాత్రం నవ్వలేదు.

"తిక్కలోడు బతికున్నాడు కదన్నా! ఆ పేరు వాడికి అంటుకుందా? నోట్లోంచి వచ్చింది, గాల్లో పోయింది. వాడు మిగిలాడు. ఈ అరవై ముగ్గురికీ ఒక్క గంట, ఒక్క గంటంటే ఒక్క గంట, చెడ్డ పేరు పెడదాం. తెల్లమనిషి కారు పోగానే తీసేద్దాం. అననంటే నువ్వనకు. సిగ్గున్నవాళ్ళెవరూ అనక్కర్లేదు. మేం అంటాం. సిగ్గు లేనివాళ్ళం, మా పనే అది."

ఇరవై ఏళ్ళుగా ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది అక్కా. అమ్మ నన్ను అవమానించిందనుకున్నాను. అన్ని కరపత్రాలు చదివాను, ఇది నాకు తట్టలేదు.

మామయ్య చాలాసేపు అంపా బాజీ కాలు వైపు చూశాడు. "ఆ మాట నా నోట రాదు" అన్నాడు చివరికి. "మీరంటే నా చెవులు మూసుకోను. కానీ ఒకటి. వాళ్ళు వరసలో నిలబడితే నేనూ వరసలోనే నిలబడతాను, వాళ్ళ మధ్యలో. ఊరంతా నిలబడుతుంది. మాలో ఎవరెవరో ఆ మేడమ్‌నే కనుక్కోమను."

వదిన అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడింది. "నా పేరు ఇంకొకళ్ళెందుకు చెప్పాలి? చంటిదాన్ని చంకనేసుకుని నేనే చెబుతాను" అంది. మూట విప్పావా అని సాయంత్రం అడిగాను. "బుధవారం పదింటికి విప్పుతాను. రాసుకోకపోతే అలాగే ఎత్తుకుంటాను" అంది. మూట గుమ్మం పక్కనే ఉంది. పిల్లలు దాన్ని దాటుకుని తిరుగుతున్నారు.

నేను మాట్లాడను. ఒట్టు. తీర్మానం కూడా చించేశాను. ఆ ముక్కల వెనక వైపు ఒక ప్రకటన రాసి బడి తలుపుకీ, మసీదు గోడకీ, బావి గిలక స్తంభానికీ అంటించాను. పదకొండు అంశాలు లేవు. నీకోసం ఒకటి ఇందులో పెడుతున్నాను. ఆ రోజు మేడమ్ కారులో నీకు చోటు సంపాదించు. కాగితాలు మొయ్యడానికో, టీ కాయడానికో, ఏదో ఒకటి చెప్పు. దిగాక జనం చూస్తుండగా ఇది మా ఊరు అను. ఆ తర్వాత పని పోతే ఇద్దరం కలిసి మడి దున్నుదాం. విత్తనాలుంటే.

నీ తమ్ముడు,
పెంట

కాంజోలి వాళ్ళకీ, కాంజోలికి వచ్చినవాళ్ళకీ:
బుధవారం, మే 23. ఉదయం తొమ్మిది గంటలకి. బావి దగ్గర మామిడి కింద.
ముసలివాళ్ళు, చంటిపిల్లలు, కాళ్ళున్నవాళ్ళు, లేనివాళ్ళు, సిగ్గున్నవాళ్ళు, లేనివాళ్ళు.
ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోండి. అందరూ రండి.